తన్ఖా

మా ఇంట్లో జీతం అనే మాట వినపడేది కాదు. తన్ఖా అనేవాళ్లం. మా నాయన హైదరాబాద్ సిటీ పోలీసులో జవాను. గోషామహల్ లైన్లలో మాకు గదిన్నర ఇల్లు. మొదటి తారీఖున తన్ఖా వచ్చేది, రెండో తారీఖున కిరాణా షావుకారు ఖాతా తీరేది, పదో తారీఖు నుంచి మళ్లీ ఖాతా మొదలయ్యేది. తర్వాత నేను సర్కారు బడిలో డ్రిల్లు సారునయ్యాక, గుంటూరు వైపు నుంచి వచ్చిన తెలుగు సారు ఒకాయన నా నోట ఆ మాట విని తెగ నవ్వాడు. వాళ్ల వైపు తనఖా అంటే నగో పొలమో కుదువ పెట్టడం. "నెలనెలా ఏం కుదువ పెడుతున్నారు మేష్టారూ?" అన్నాడు. "కాళ్లు" అన్నాను. నవ్వులాటకే అన్నాను. కానీ ఈ ఊరి ఫుట్‌బాల్ గురించి ఎవరు అడిగినా నాకు ముందు ఆ జవాబే గుర్తొస్తుంది.

సిటీ పోలీస్ జట్టు గురించి రాసేవాళ్లంతా కప్పులతో మొదలుపెడతారు. బొంబాయి కూపరేజ్ మైదానంలో అప్పట్లో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎత్తుకొచ్చింది. పేరు ఆంధ్రా పోలీస్‌గా మారాక గెలిచినవి కూడా కలిపితే రోవర్స్ తొమ్మిది, ఢిల్లీ డ్యూరాండ్ కప్పులు నాలుగు. గొప్పే. కానీ నేను కప్పుతో కాదు, నౌకరీతో మొదలుపెడతాను. మా నాయన ఫతే మైదాన్‌లో బందోబస్తుకు నిలబడి చూసింది ఆ నౌకరీనే. లోపల బంతి తన్నేవాడిదీ పోలీసు ఉద్యోగమే, గేటు దగ్గర లాఠీ పట్టుకున్నవాడిదీ పోలీసు ఉద్యోగమే. "వాడు గోల్ గొట్టినా ఒకటో తారీఖే, నేను నిలబడ్డా ఒకటో తారీఖే" అనేవాడు నాయన. అందులో అసూయ ఎంత, గర్వమెంత అన్నది నాకు చివరిదాకా తేలలేదు.

ఇప్పుడు క్లబ్బు అంటే యజమాని, మేనేజరు, ఏజెంటు, కొనుగోలు, అమ్మకం. అప్పుడు ఆ మాటలేవీ లేవు. ఆటగాడికి డబ్బులిచ్చి ఆడించడం మన దేశంలో అధికారికంగా లేనే లేదు. అందరూ కాగితం మీద అమెచ్యూర్లే. ఒక జట్టు ఒక కుర్రాణ్ణి పిలవాలంటే చేతిలో ఉన్న ఎర ఒక్కటే, సర్కారు కొలువు. పేదింటి పిల్లవాడికి అంతకు మించిన ఎర ఇంకేం కావాలి? బూటు, యూనిఫాం, లైన్లలో ఇల్లు, ముసలితనానికి పింఛను. నిజాం పోలీసుకు ఇది తెలుసు. కానీ ఎర ఉన్నంత మాత్రాన చేప పడదు కదా, ఏ చెరువులో ఏ చేప ఉందో తెలిసినవాడు కావాలి. అలా తెలిసినవాడు ఒక బడిపంతులు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, కాచిగూడ, చాదర్‌ఘాట్ వైపు బడుల్లో పాఠాలు చెప్పారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. తానూ ఆడినవారే. ఖమర్ క్లబ్బు జట్టులో ఉండేవారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు, 1963లో చనిపోయేదాకా ఆ కుర్చీ ఆయనదే. కొత్త యాజమాన్యం వచ్చి జట్టును మార్చేసిందని ఇవాళ పేపర్లలో రాస్తుంటారు. మా ఊళ్లో ఆ కొత్త యాజమాన్యం పొద్దున బడిలో హాజరు పిలిచి, సాయంత్రం మైదానానికి నడిచి వచ్చేది.

నేను ఆయన్ని చూశానని చెప్పుకోను. నాకు పన్నెండేళ్లు నిండేటప్పటికి ఆయన లేరు. కానీ ముప్పై మూడేళ్లు డ్రిల్లు సారుగా చేసినవాణ్ణి కాబట్టి ఒక్క సంగతి నాకు తెలుసు. ఒక పిల్లవాడి పరుగు ఎలాంటిదో ముందు బడిలో పసిగడతారు, తర్వాతే మైదానంలో. ఇంటర్వెల్ బెల్లు కొట్టినప్పుడు గుంపులోంచి ముందుకు దూరేవాడు, తోసినా పడనివాడు, పడ్డా ఏడవనివాడు, వీళ్లను వెతకడానికి ట్రయల్స్ అక్కర్లేదు. వరండాలో నిలబడితే చాలు. రహీం సాబ్‌కు అలాంటి వరండాలు ఊరంతా ఉండేవి. ఎందుకంటే ఆయన శిష్యులైన డ్రిల్లు మాస్టర్లు, క్లబ్బుల పెద్దలు ఊరంతా ఉన్నారు.

ఆ ఊరు కూడా ఆటగాళ్లను కనే ఊరే. నిజాం దగ్గర కొలువు చేసిన అరబ్బు సిపాయిల బ్యారక్సే బార్కాస్ అయింది. అక్కడి గల్లీల్లో పిల్లలు నడక తర్వాత నేర్చుకునేది బంతి తన్నడమే. మూసీకి ఇవతల సికిందరాబాద్ కంటోన్మెంటులో తెల్ల సోల్జర్ల పలటన్లు, వాళ్లతో ఆడి ఆడి బూట్లకు బెదరడం మానేసిన తమిళ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల పిల్లలు. బొల్లారం, తిరుమలగిరి, లాలాగూడ రైల్వే క్వార్టర్లు. తెలుగు, ఉర్దూ, తమిళం, అరబ్బీ, ఏ భాషలో తిట్టుకున్నా బంతి ఒక్కటే. సిటీ పోలీస్ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ పక్కన పాట్రిక్ అన్న పేరు కనిపించడం అప్పుడెవరికీ వింత కాదు.

మొదట్లో ఈ జట్టు పేరు సిటీ అఫ్ఘాన్స్. యుద్ధం నడుస్తున్న రోజుల్లో బెంగళూరులో యాష్ గోల్డ్ కప్ ఫైనల్లో ఈ జట్టు రాయల్ ఎయిర్ ఫోర్స్‌ను ఓడించింది. అవతలి జట్టులో డెనిస్ కాంప్టన్ ఉన్నాడు. ఇంగ్లండ్‌కు క్రికెట్, ఆర్సెనల్‌కు ఫుట్‌బాల్ ఆడిన కాంప్టనే. ఈ సంగతి మా లైన్లలో ఎన్ని రకాలుగా చెప్పేవారంటే, ఒకరి కథలో కాంప్టన్ ఓడిపోయి ఏడ్చాడు, ఇంకొకరి కథలో సలాం కొట్టాడు. ఓడిపోయాడన్నంత వరకే నిజమనుకోండి.

ఇక రహీం సాబ్ జట్టును ఎలా కట్టారన్నది చెప్పాలి. కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే నా ఉద్యోగం మొత్తం ఆ పద్ధతుల ఎంగిలి మీదే గడిచింది.

మన పిల్లలకు బంతి దొరికితే ఇవ్వబుద్ధి కాదు. ఒకణ్ణి దాటించి, ఇంకొకణ్ణి దాటించి, మూడోవాడి దగ్గర పోగొట్టుకుని నవ్వుకుంటూ వెనక్కి వస్తారు. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. ఆ రోజుల్లో గొప్ప ఆటగాడంటే అలా దాటించేవాడే. రహీం సాబ్ డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టారు. బంతి వచ్చిందా, వెంటనే ఇవ్వాలి. దాటిస్తే తప్పు. ఇంకో రకం పోటీలో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడి కాలి వాటం ఉన్నవాడు కుడి కాలు తాకిస్తే ఫౌల్. ఆ పోటీలు చూడటానికి హాస్యంగా ఉంటాయి. పెద్ద పెద్ద పిల్లలు కుంటివాళ్లలా తడబడతారు. కానీ ఒక ఏడాది అయ్యేసరికి ఆ జట్టులో ఎడమవైపు ఆడేవాడికీ కుడివైపు ఆడేవాడికీ తేడా ఉండదు. ఒకడు జబ్బుపడితే ఇంకొకణ్ణి ఎక్కడైనా నిలబెట్టవచ్చు. ఆటగాళ్లను కొనే డబ్బు లేని జట్టుకు అది ఎంత పెద్ద ఆస్తో ఆలోచించండి. పదకొండు మందిని పెంచి, పదహారు మంది పని చేయించుకోవడం అది.

రెండోది, స్థానాలు. దేశమంతా ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫులు, ఐదుగురు ఫార్వర్డులు అన్న పాత లెక్కలోనే ఆడుతుంటే, ఈయన సెంటర్ ఫార్వర్డును వెనక్కి లాగి ఆడించారు. అవతలి బ్యాకు ఆ ఫార్వర్డు వెంటే వస్తే వెనక ఖాళీ, రాకపోతే ముందు ఖాళీ. ఇదే పని చేసి 1953లో హంగేరీ వాళ్లు వెంబ్లీలో ఇంగ్లండ్‌ను చిత్తు చేశారని పుస్తకాలు రాస్తాయి. మన బడిపంతులు గురించి అంత రాయలేదు. సరే, మన గోడు మనదే.

మూడోది, దమ్ము. మన దేశవాళీ ఆటలు తొంభై నిమిషాలు సాగేవి కావు, తక్కువలోనే ముగిసేవి. బయటి దేశం వెళితే ఆఖరి ఇరవై నిమిషాల్లో కాళ్లు చచ్చుబడేవి. పోలీసు ఉద్యోగం ఇక్కడ ఇంకో మేలు చేసింది. పరేడు తప్పదు, పొద్దున లేవక తప్పదు. సిపాయి అనే వాడికి పరుగెత్తమంటే ఎందుకని అడిగే అలవాటు ఉండదు.

1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. నిజాం రాజ్యం పోయింది, కోట మీద జెండా మారింది, మా నాయన టోపీ మీద గుర్తు మారింది. ఊళ్లో చాలామందికి నౌకర్లు పోయాయి, చాలామంది ఊరొదిలి పోయారు. అలాంటి రెండేళ్ల తర్వాత, 1950లో, ఈ ఊరి పోలీసు జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ గెలిచింది, ఢిల్లీ వెళ్లి డ్యూరాండ్ గెలిచింది. యుద్ధ కాలంలో ఆగిన డ్యూరాండ్ మళ్లీ మొదలైన ఏడాది అది. ఫైనల్లో మోహన్ బాగాన్‌తో మొదటి రోజు సమానం, మళ్లీ ఆడితే 1-0. పేరులోనే ఊరు ఉన్న జట్టు. ఆ ఊరి గురించి ఢిల్లీలో అప్పటికి ఏమనుకుంటున్నారో మనకు తెలియనిది కాదు. మా నాయన రాజకీయం మాట్లాడేవాడు కాదు. ఆ డ్యూరాండ్ గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు కొంచెం మారేది.

ఆ ఏడే రహీం సాబ్‌కు భారత జట్టు కూడా అప్పగించారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారం. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. ఆ చలిలో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. దాని తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం 1956లో. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ హెల్సింకికీ వెళ్లారు, మెల్‌బోర్న్‌కూ వెళ్లారు. అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, బలరాం కూడా మెల్‌బోర్న్ వెళ్లినవారే. ఒక ఊరి పోలీసు లైన్లూ బస్తీలూ కలిసి దేశం జట్టును సగం నింపాయంటే అతిశయోక్తి కాదు.

మధ్యలో ఒక చిన్న ముచ్చట. 1956 నవంబరు ఒకటిన హైదరాబాద్ రాష్ట్రం లేకుండా పోయింది కదా. ఫుట్‌బాల్‌లో మాత్రం పోలేదు. ఆ సీజన్లోనూ, ఆ పైసారీ రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ పేరుతోనే గెలిచారు, రెండుసార్లూ ఫైనల్లో బొంబాయి మీదే. సర్కారు గెజెట్ కంటే సంఘం రిజిస్టరు ఎప్పుడూ నెమ్మదే. మా జవాన్లు ఆ రెండు కప్పులనూ "ఆఖరి హైదరాబాద్ కప్పులు" అనేవారు.

తులసీదాస్ బలరాం సంగతికి వస్తాను. సికిందరాబాద్ అవతల అమ్ముగూడ పిల్లవాడు, 1936లో పుట్టాడు. బీద ఇల్లు. ఆడటానికి బూట్లు లేకపోతే తల్లి దగ్గర రెండు రూపాయలు తీసుకుని, పోలీసులు పారేసిన పాత బూట్లతో మోచీ చేత ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్నానని పెద్దయ్యాక ఆయనే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. రహీం సాబ్ కంట పడ్డాడు. సిటీకి ప్రాక్టీసుకు రమ్మంటే రాలేనన్నాడు, దారి ఖర్చు లేదు. పంతులు రోజుకు ఒక రూపాయి ఇచ్చారు. దానితో కిరాయి సైకిలు. అమ్ముగూడ నుంచి ఫతే మైదాన్ వైపు పదిహేను కిలోమీటర్లకు తక్కువ కాదు, తిరిగి వెళ్లడమూ అంతే. ప్రాక్టీసుకు ముందే ప్రాక్టీసు అయిపోయేది.

ఈ రూపాయి కథ చెప్పి చాలామంది పంతులు గారి దయాగుణానికి దండం పెడతారు. నేను అందులో ఇంకోటి చూస్తాను. అది పెట్టుబడి. రహీం సాబ్‌కు పిల్లవాడి కాలూ తెలుసు, ఆ కాలు మైదానం దాకా రావడానికి అయ్యే ఖర్చూ తెలుసు. ఇంట్లో ఎంతమంది, తండ్రి ఏం చేస్తాడు, తల్లి ఒప్పుకుంటుందా, పూటకు ఏం తింటాడు, ఇవన్నీ తెలియకుండా పిల్లవాణ్ణి జట్టులోకి తీసుకోవడం దండగ. నా ఉద్యోగంలో నేను పోగొట్టుకున్న మంచి ఆటగాళ్లలో ఎక్కువమంది ఆట రాక పోలేదు. ఒకడు ఇరానీ హోటల్లో కప్పులు కడగడానికి పోయాడు, ఒకడు చెల్లెలి పెళ్లికని లారీ క్లీనరయ్యాడు. సైకిలు కిరాయి ఇచ్చే స్థోమత నాకూ ఉండేది. ఇవ్వాలని తోచలేదు. తోచినప్పుడు ఆలస్యమైంది.

బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. ఇక్కడి నుంచి కథ కలకత్తాది.

కలకత్తా క్లబ్బులకు ఈ దారి కొత్త కాదు. దక్షిణాది ఆటగాళ్లను తెచ్చుకోవడం వాళ్లకు ఎప్పటి నుంచో అలవాటు. ఈస్ట్ బెంగాల్ ఐదుగురు ఫార్వర్డులను అక్కడి జనం పంచ పాండవులని పిలిచారు: అహ్మద్ ఖాన్, సాలే, వెంకటేశ్, ధనరాజ్, అప్పారావు. ఆ ఐదో పేరు వింటే మన చెవి నిక్కబొడుచుకోదూ! అక్కడ లక్షమంది మాట్లాడుకునే ఆట ఇది. గెలిస్తే చేపల బజారులో ధర మారుతుందని చెప్పుకునే ఊరు. పేరుకు అక్కడా అమెచ్యూర్లే. కానీ క్లబ్బు పెద్దలు చూపించే కొలువు వేరు, ఇల్లు వేరు, చేతిలో పెట్టేది వేరు. ప్రతి ఏటా బదిలీల రోజుల్లో ఆటగాళ్లను అవతలి క్లబ్బు కంట పడకుండా దాచిపెట్టడం కూడా అక్కడ ఒక కళ.

మా పోలీసు జట్టు దగ్గర ఆ డబ్బు లేదు. జవానుకు జవాను తన్ఖానే ఇవ్వగలరు, ఎక్కువ ఇస్తే ఆడిటరు అడుగుతాడు. గోల్ కొట్టాడని హెడ్డు కానిస్టేబులు చేయవచ్చు, అంతకు మించి నిచ్చెన లేదు. ఇంతకాలం జట్టును నిలబెట్టిన ఒకటో తారీఖే ఇప్పుడు దాని మెడకు తాడు. పంతొమ్మిదేళ్ల పిల్లవాడి ముందు ఒకవైపు నలభై ఏళ్ల భద్రత, ఇంకోవైపు కలకత్తా మైదానాల హోరు. మీరైతే ఏది పట్టుకుంటారు?

రహీం సాబ్ ఉన్నంత కాలం, ఒకణ్ణి పట్టుకుపోతే ఇంకొకణ్ణి పెంచారు. 1957లో రోవర్స్, డ్యూరాండ్ రెండూ మళ్లీ గెలిచారు. 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్. యూసుఫ్ ఖాన్ లాంటివాళ్లు ఆ తరం. 1962 సెప్టెంబరు నాలుగున జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా బంగారం తెచ్చినప్పుడు రహీం సాబ్ ఒంట్లో క్యాన్సరు ముదిరిపోయి ఉంది. గోల్లో ఉన్న తంగరాజ్ మన సికిందరాబాద్‌లో ఎదిగినవాడే, ముందు వరసలో బలరాం, యూసుఫ్ ఖాన్ మన ఊరివాళ్లే. 1963 జూన్ 11న ఆయన పోయారు. బలరాం కూడా అదే ఏడాది ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానేశాడు, ఇరవై ఏడేళ్లకే. తర్వాత ఆయన ఇక్కడికి తిరిగి రాలేదు. బెంగాల్‌లోనే ఉత్తర్‌పాడాలో ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో పోయాడు.

1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, కొల్లంలో, బెంగాల్ మీద. దాన్ని చాలామంది మరో వైభవంగా రాస్తారు. నాకది సంతలో పశువుల ప్రదర్శనలా కనిపిస్తుంది. 1966లోనే నయీముద్దీన్, హబీబ్, అఫ్జల్ ముగ్గురూ ఈస్ట్ బెంగాల్‌లో తేలారు. నయీముద్దీన్ 1970లో ఆసియా క్రీడల్లో కంచు తెచ్చిన జట్టుకు కెప్టెను. హబీబ్‌ను కలకత్తా "బడే మియా" అని నెత్తిన పెట్టుకుంది. 1977లో పెలే వచ్చిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బాగాన్ తరఫున గోల్ కొట్టింది ఆయనే. తమ్ముడు అక్బర్ కలకత్తా డెర్బీలో ఆట మొదలైన పదిహేడో సెకనులో గోల్ కొట్టాడు. ఆ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. మేం ఇక్కడ రేడియో దగ్గర కూర్చుని మావాళ్ల పేర్లు బెంగాలీ గొంతులో వినేవాళ్లం. హబీబ్‌ను "హొబీబ్" అంటుంటే మా నాయనకు కోపమొచ్చేది. "పేరన్నా సరిగ పలకరాదురా, పిల్లగాణ్ణి దీస్కపోయిన్రు!"

ఇక్కడ నా సొంత కథ రెండు ముక్కలు. నేను లెఫ్ట్ హాఫ్. పోలీసు సెలక్షన్‌కు వెళ్లాను, నాయన యూనిఫాం వేసుకుని వెంట వచ్చాడు. తీసుకోలేదు, న్యాయంగానే తీసుకోలేదు. నా ఎడమ కాలు ఎడమ చేతిలాంటిది, ఉందంటే ఉంది. అలా డ్రిల్లు సారునయ్యాను.

నా చేతికింద ఎదిగినవాళ్లలో ఒకడున్నాడు, పేరు చెప్పను, చెబితే వాడికి సిగ్గు. 1990ల మొదట్లో బయటి ఊరి క్లబ్బు ఒకటి వచ్చి వాణ్ణి తీసుకెళ్లింది. దాని పేరూ చెప్పను. వాళ్లమ్మ బీడీలు చుట్టేది. పెద్దమనుషులు ఇంటికొచ్చి, చాప మీద కూర్చుని, చాయ్ తాగి, వేలల్లో చెప్పారు. ఆమె అన్నీ విని నా వైపు తిరిగి "ఒకటో తారీఖునే ఇస్తరా సారూ?" అని అడిగింది. ఇస్తారమ్మా అన్నాను. నాకేం తెలుసని అన్నాను? మొదటి నెల ఇచ్చారు. రెండో నెల సగం. ఆ తర్వాత మోకాలు దెబ్బతింది, మూడు నెలలు ఏమీ లేదు. బొంత చుట్టుకుని సికిందరాబాద్ స్టేషన్లో దిగాడు. ఆమె నన్నేమీ అనలేదు. అనకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

వాడు ఆటో నడిపాడు, తర్వాత ఒక అపార్టుమెంటుకు సెక్యూరిటీ అయ్యాడు. 2019లో హైదరాబాద్‌కు మళ్లీ ఒక పెద్ద క్లబ్బు వచ్చిందని నాకు ఫోన్ చేసి చెప్పింది వాడే. ఇండియన్ సూపర్ లీగ్‌లో మూతపడిన పుణె జట్టు స్థానంలో కొత్త యజమానులు హైదరాబాద్ ఎఫ్‌సీ పెట్టారు, గచ్చిబౌలి స్టేడియంలో ఆటలు. మొదటి ఆటలోనే కలకత్తా జట్టు చేతిలో 5-0. ఆ విషయంలో సంప్రదాయం చెడలేదు. నవంబరు రెండున కేరళ బ్లాస్టర్స్‌తో ఆటకు ఇద్దరం వెళ్లాం. 2-1తో గెలిచాం. నా పక్కన కూర్చున్న ఐటీ కుర్రాళ్లకు రహీం అంటే ఎవరో తెలియదు. చెబుదామనుకున్నాను గానీ పసుపు రంగు పూసుకుని డప్పు కొడుతున్నవాడికి ఏం చెబుతాం? ఆ ఏడాది మొత్తం పద్దెనిమిది ఆటల్లో రెండే గెలుపులు, పది పాయింట్లు, అట్టడుగు స్థానం.

2020లో మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. ఈయన చేసిన పని చూసి నేను లేచి కూర్చున్నాను. పేరున్నవాళ్ల వెంట పడకుండా ఇరవై ఏళ్ల పిల్లల్ని వరసగా ఆడించాడు. ఎడమ బ్యాకు ఆకాశ్ మిశ్రా, కుడి బ్యాకు ఆశిష్ రాయ్, మధ్యలో యాసిర్, ముందు లిస్టన్ కొలాసో. తప్పు చేస్తే తీసేయలేదు, మళ్లీ ఆడించాడు. పిల్లవాడికి కావలసింది అదే, రేపు కూడా నేనే ఆడతానన్న ధీమా. ఒక్క ఏడాదిలో అట్టడుగు నుంచి ఐదో స్థానం. లిస్టన్‌ను వెంటనే కలకత్తా పట్టుకుపోయింది, ఈసారి రేటు కట్టి. ఆ మరుసటి ఏడు, 2022 మార్చి 20న, గోవా ఫతోర్డాలో కేరళ మీదే 1-1, పెనాల్టీల్లో 3-1. గోలీ కట్టిమణి మూడు ఆపాడు. కప్పు మనది. ముందు వరసలో ఓగ్బెచేవి ఆ ఏడాది పద్దెనిమిది గోల్స్.

మనది అన్నాను గానీ, కరోనా వల్ల ఆ ఏడాది ఆటలన్నీ గోవాలోనే. ఛాంపియన్లు ఆ సీజన్‌లో హైదరాబాద్ గడ్డ మీద ఒక్క ఆట ఆడలేదు. ఫైనల్ మొదలుపెట్టిన పదకొండు మందిలో బార్కాస్ పిల్లవాడు గానీ బొల్లారం పిల్లవాడు గానీ లేడు. తప్పుపట్టడం లేదు. పెంచేవాడు లేనిదే పిల్లవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు? పోలీసు జట్టులో ఊరు ఉంది, డబ్బు లేదు. ఈ జట్టులో డబ్బు ఉంది, ఊరు లేదు.

తర్వాత డబ్బూ లేదు. మార్కెజ్ 2023లో వెళ్లిపోయాడు. జీతాల బకాయిలు బయటపడ్డాయి. కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫీఫా నిషేధం పెట్టింది. విదేశీయులు ఒక్కొక్కరే సామాను సర్దుకున్నారు, మనవాళ్లూ అంతే. 2023–24లో మిగిలిన కుర్రాళ్లతో థాంగ్‌బోయి సింగ్తో జట్టును నడిపించాడు. ఇరవై రెండు ఆటల్లో ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు. వాళ్లు ఓడిన ప్రతి రాత్రీ మా వాడు ఫోన్ చేసేవాడు. ఆట గురించి కాదు. "తన్ఖాలు పడ్డాయా సార్?" 2024లో జిందాల్ వాళ్లు జట్టును తీసుకున్నారు. 2025లో దాన్ని ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చారు, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. 1950లో ఢిల్లీ వెళ్లిన జట్టు కప్పు తెచ్చింది. ఈసారి జట్టే అక్కడ ఉండిపోయింది.

గోషామహల్‌లో మేం ఆడుకున్న పోలీసు మైదానం కూడా ఇప్పుడు మైదానం కాదు. కొత్త ఉస్మానియా దవాఖానకు 2025 జనవరిలో అక్కడ శంకుస్థాపన చేశారు. దవాఖాన కావలసిందే, నా వయసువాడు కాదంటాడా? మొన్న ఆ వైపు వెళ్తే రేకుల అవతల యంత్రాల చప్పుడు. మా గోల్ పోస్టు ఎక్కడుండేదో వేలితో చూపిద్దామంటే రేకులే తప్ప గుర్తు దొరకలేదు.

మైదానం పోయినా ఆట పోలేదు. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల సౌమ్య గుగులోత్ ఈస్ట్ బెంగాల్ ఆడవాళ్ల జట్టుకు ఆడి దేశం లీగు గెలిచింది. 2025లో ఆమెకు దేశంలో ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణి అవార్డు వచ్చింది. మళ్లీ కలకత్తానే! మా వాడు ఆమె ఫోటో ఫోన్లో పెట్టుకుని, ఆదివారం పొద్దున మా బస్తీ వెనక ఖాళీ జాగాలో ఇరవై మంది పిల్లల్ని పోగేస్తాడు. అందులో ఏడుగురు ఆడపిల్లలు. నేను కుర్చీ వేసుకుని కూర్చుంటాను, విజిలు నాది. మొన్న ఎడమ కాలి ఆట పెట్టాం. కుడి కాలు తగిలితే ఫౌల్. పదేళ్ల పిల్ల ఒకతి గోల్ కొట్టింది. అవతలి పిల్లలు కుడి కాలే తగిలిందని గోల. ఆమె ఎడమ చెప్పు విప్పి, దాని ముందరి దుమ్ము చూపించి, చూడండి సారూ, బంతి అచ్చు దీని మీదే ఉంది అంటోంది. మా వాడు గోల్ అన్నాడు. నేను ఫౌల్ ఊదాను. ఇంకా తేలలేదు.